ఏది వదలాలి? ఏది పట్టుకోవాలి?

(అక్షర కేంద్రంలో మహిళల కోసం చేసిన ప్రసంగం)

అమ్మలారా, అక్కలారా, చెల్లెళ్ళారా!

పగలంతా పనికి పోయి, రాత్రి దీపం ముందు కూర్చుని అక్షరాలు దిద్దినవాళ్ళు మీరు. వేలిముద్ర మాని సంతకం నేర్చుకున్నవాళ్ళు మీరు. ఇప్పుడు పుస్తకం చేతబట్టి చదివే దాకా వచ్చారు. ఈ పూట మాట్లాడుకునే సంగతి చిన్నదే. కానీ అది ప్రతి ఇంటికీ సంబంధించినది.

ఇంట్లో అవసరం లేని సామాను తగ్గించుకుని తేలికగా బతకడం ఎలా? ఇదీ సంగతి.

ఈ మాట వినగానే కొందరు నవ్వుతారు. "ఉండేదే నాలుగు చెంబులు, రెండు చీరలు. దాంట్లో ఇంకేమి వదిలేది?" అంటారు. ఆ నవ్వులో న్యాయం ఉంది. ఏమీ లేనివాళ్ళను పట్టుకుని "ఉన్నది కూడా వదలండి" అని చెప్పడం నీతి అనిపించుకోదు. అది ఎగతాళి అవుతుంది. అందుకే ఈ ప్రసంగంలో రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఏది వదలాలి? ఏది వదలకూడదు? రెండో ప్రశ్న మొదటిదాని కన్నా పెద్దది. దాని దగ్గరికి చివర్లో వద్దాం.

అటక మీద గంగాళం

ఒక ఊళ్ళో ఒక ఇల్లు అనుకుందాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఏ ఊళ్ళో అయినా ఇలాంటి ఇల్లు ఉంటుంది. ఇంట్లో అటక ఉంది. అటక మీద పెద్ద ఇత్తడి గంగాళం ఉంది. దాని పక్కన గుండిగ, రెండు అండాలు, వరసగా స్టీలు బిందెలు. ఆ ఇంటికి ఒక ఆడపడుచు వచ్చింది. వదినతో ఇలా మాట్లాడింది.

"వదినా, ఇంత పెద్ద గంగాళం ఎందుకు పెట్టుకోనుండావు?"

"నా పెండ్లికి మా అమ్మోళ్ళు పెట్టిన సారె మే అది."

"ఎన్ని తూర్లు వాడినావు?"

"యాడ వాడేది? పెండ్లైన కొత్తలో ఒగ తూరి నీళ్ళు కాంచినాము. ఆమీట ఎత్తి అటక మింద పెట్టినాము."

"మరి అమ్మేయరాదా?"

"అమ్మితే నలుగురూ ఏమనుకుంటారు? పుట్టింటోళ్ళు పెట్టిన సారె అమ్ముకునింది అనరా?"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆ గంగాళం ఎవరి కోసం ఉంది? ఆ వదిన కోసం లేదు. ఆమె నీళ్ళు కాచుకునేది చిన్న గిన్నెలో. ఆ గంగాళం నలుగురి కళ్ళ కోసం ఉంది. ఏటా పండుగ వస్తే దాన్ని దించాలి. చింతపండు పెట్టి తోమాలి. మళ్ళీ ఎక్కించాలి. చేసే చాకిరీ ఆమెది. చూసే కళ్ళు నలుగురివి.

ఇత్తడి గంగాళం ఉన్నచోట ఉంటుంది. తిండి అడగదు. కానీ కొన్ని సామాన్లు తిండి అడుగుతాయి. అవే అప్పు చేసి కొన్న సామాన్లు.

మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి. ఈ ప్రాంతం ఇళ్ళలో టమాటా ధర బట్టే పండుగ, టమాటా ధర బట్టే పస్తు. 2023 జూలై నెలాఖరులో ఆ మార్కెట్టులో కిలో టమాటా దాదాపు 200 రూపాయలు పలికింది. కొద్ది వారాలు తిరిగే లోపల ధర చాలా కిందికి పడిపోయింది. ధర పెరిగినప్పుడు అంగడివాళ్ళు పిలిచి మరీ సామాను ఇస్తారు. "ఇప్పుడు తీసుకోండి, కంతుల్లో కట్టండి" అంటారు. ధర పడిపోయినప్పుడు మాత్రం కంతు ఆగదు. టమాటా ధర తగ్గింది గదా అని ఎవరూ కంతు తగ్గించరు.

ఒక టీవీ ధర 20,000 రూపాయలు అనుకోండి. నెలకు 2,200 చొప్పున 12 నెలలు కట్టమన్నారు. 2,200ను 12తో హెచ్చవేయండి. 26,400 అవుతుంది. టీవీ ఒక్కటే. కానీ అదనంగా కట్టింది 6,400. ఈ లెక్క ఇప్పుడు మీరే వేయగలరు. పలక పట్టినందుకు ఇది మొదటి లాభం.

కోట వదిలిన మదనపల్లె బిడ్డ

ఇంట్లో గంగాళం వదలడానికే మనసు రాదు. మరి ఒక కోటను వదిలిన మనిషి ఉన్నాడంటే నమ్ముతారా? ఆయన పుట్టింది మదనపల్లెలోనే. ఆయన పేరు జిడ్డు కృష్ణమూర్తి.

కృష్ణమూర్తి 1895 మే నెలలో పుట్టారు. తండ్రి నారాయణయ్య ప్రభుత్వ రెవెన్యూ ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. ఆ తల్లి కడుపున పుట్టిన ఎనిమిదో బిడ్డ ఆయన. పదేళ్ళ వయసులోనే తల్లి చనిపోయింది. బడిలో చదువు సరిగా ఎక్కేది కాదు. మందమతి అనిపించుకున్నాడు. అయ్యవారి చేతిలో దెబ్బలు కూడా తిన్నాడు.

1909లో తండ్రి మద్రాసు దగ్గర అడయారుకు పోయారు. అక్కడ దివ్యజ్ఞాన సమాజం అనే సంస్థలో పనికి చేరారు. ఆ సమాజం పెద్దలు ఈ పిల్లవాడిని చూశారు. ఇతడు ముందుముందు లోకానికి గురువు అవుతాడని నమ్మారు. తమ దగ్గర పెట్టుకుని పెంచారు. ఇంగ్లండుకు పంపి చదివించారు. 1911లో ఆయన కోసం ఒక సంఘం పెట్టి, ఆయనను దానికి అధిపతిని చేశారు. చాలా దేశాల్లో జనం ఆ సంఘంలో చేరారు. డబ్బు ఇచ్చారు. భూములు ఇచ్చారు. హాలెండు దేశంలో ఒక జమీందారు తన కోటను ఇచ్చాడు. దాని చుట్టూ సుమారు 5,000 ఎకరాల భూమి ఉంది.

1929 ఆగస్టు 3న ఆ కోట దగ్గర ఓమెన్ అనే ఊరిలో పెద్ద సభ జరిగింది. వేల మంది వచ్చారు. అందరి ముందూ కృష్ణమూర్తి లేచి నిలబడ్డారు. ఆ సంఘాన్ని అప్పటికప్పుడే రద్దు చేస్తున్నానని చెప్పారు. సత్యాన్ని ఎవరికి వారు చూసుకోవాలి, దానికి సంఘాలు కట్టి బాట వేయడం కుదరదు అన్నది ఆ రోజు ఆయన మాటల సారం. ఆ తర్వాత కోట మళ్ళీ ఆ జమీందారుకు పోయింది. భూమిలో చాలా భాగం కూడా తిరిగి ఇచ్చేశారు. ఇతరులు ఇచ్చిన ఆస్తులు, విరాళాలు ఎవరివి వారికి తిరిగి ఇచ్చే ఏర్పాటు జరిగింది. అప్పటికి ఆయన వయసు 34 ఏళ్ళు.

ఆ తర్వాత ఆయన గోచీ కట్టుకుని అడవికి పోయారా? పోలేదు. మంచి బట్టలే శుభ్రంగా కట్టుకునేవారు. 1986లో చనిపోయే దాకా దేశాలు తిరుగుతూ మాట్లాడారు. బళ్ళు పెట్టించారు. మదనపల్లె దగ్గర ఉన్న ఋషి వ్యాలీ బడి ఆయన ఆలోచనలోంచి వచ్చినదే. ఆ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బళ్ళు కూడా నడిపింది. ఒకే గది, ఒకే అయ్యవారు. కార్డుల సాయంతో వేరు వేరు తరగతుల పిల్లలు కలిసి చదువుకుంటారు. చదువుకు పెద్ద మేడ అవసరం లేదని ఆ బళ్ళు చూపించాయి.

నిరాడంబరత గురించి కృష్ణమూర్తి ఒక హెచ్చరిక కూడా చేశారు. రెండు గుడ్డలు కట్టుకుని, ఒంటిపూట తిన్నంత మాత్రాన మనిషి నిరాడంబరంగా ఉన్నట్టు కాదని ఆయన చెప్పేవారు. మనసులో ఆశ, భయం, గొప్ప అలాగే ఉంటే బయట వదిలింది లెక్కకు రాదని ఆయన ఆలోచన.

ఈ కథలో గుర్తు పెట్టుకోవలసింది ఒకటి ఉంది. ఆ కోటను ఆయన చేతిలోంచి ఎవరూ లాక్కోలేదు. వదలమని ఎవరూ ఒత్తిడి పెట్టలేదు. పెట్టుకోమనే అందరూ బతిమాలారు. ఆయన తనంతట తాను ఆలోచించి వదిలారు. ఈ మాట మళ్ళీ అవసరం పడుతుంది.

చిన్న ఆవు చెప్పే పాఠం

మదనపల్లె నుంచి పుంగనూరుకు వద్దాం. పుంగనూరు అనగానే గుర్తొచ్చేది ఆవు. ప్రపంచంలో బాగా పొట్టిగా ఉండే ఆవుల జాతుల్లో పుంగనూరు ఆవు ఒకటి. ఎత్తు సుమారు మూడు అడుగులు. కొద్దిపాటి మేత చాలు. ఎండకు తట్టుకుంటుంది. వానలు లేని ఏడాది కూడా ఎండుగడ్డి తిని నిలబడుతుంది. పాలు ఎక్కువ ఇవ్వదు. కానీ పాలు చిక్కగా ఉంటాయి. వెన్న బాగా పడుతుంది. కరువు సీమలో చిన్న రైతు ఇంటికి సరిపోయిన ఆవు ఇది.

తర్వాత ఏమైంది? ఎక్కువ పాలు కావాలని జనం పెద్ద సంకరజాతి ఆవుల వైపు పోయారు. పాల డబ్బుతో చాలా ఇళ్ళు బాగుపడిన మాట నిజమే. కానీ ఆ ఆవుకు పచ్చిమేత కావాలి, దాణా కావాలి, నీళ్ళు కావాలి, మందులు కావాలి. ఇవన్నీ అమర్చగలిగిన ఇంటికి అది లాభం. అమర్చలేని ఇంటికి అది బరువు. పుంగనూరు ఆవులు మాత్రం బాగా తగ్గిపోయాయి. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో వాటిని కాపాడుతూ వచ్చారు.

ఇప్పుడు కథ మళ్ళీ తిరిగింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఢిల్లీలో తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫోటోలు దేశమంతా చూసింది. పట్నాల్లో డబ్బున్నవాళ్ళు ఈ ఆవును లక్షలు పెట్టి కొంటున్నారు. మేడ ముందు కట్టేసుకుని ముద్దు చేస్తున్నారు. జాతి బతికితే మంచిదే. కానీ ఒక విచిత్రం చూడండి. తక్కువతో బతకడానికి పనికొచ్చిన ఆవే, ఎక్కువ ఉన్నదని చూపించుకునే వస్తువు అయింది.

అంటే తప్పు వస్తువులో లేదు. అదే ఆవు ఒక ఇంట్లో అవసరం. ఇంకో ఇంట్లో ఆడంబరం. అదే మోటారు బండి పాలు పోసేవాడికి అవసరం. వాకిట్లో నిలబెట్టి తుడుచుకునేవాడికి ఆడంబరం. కాబట్టి "ఇది ఉండవచ్చు, ఇది ఉండకూడదు" అని ఎవరూ పట్టీ రాసి మీ చేతికి ఇవ్వలేరు. మీ ఇంటి పట్టీ మీరే రాసుకోవాలి.

కుప్పం రాయి, కాకినాడ నగలు

ఆడంబరం మాట వస్తే బంగారం మాట రాకుండా పోదు. బంగారం సంగతి కుప్పం వాళ్ళకు బాగా తెలుసు. పక్కనే కర్ణాటకలో కోలారు బంగారు గనులు ఉన్నాయి. కుప్పం ప్రాంతంలోని చిగురుగుంట, బిసానత్తం దగ్గర కూడా గని తవ్వారు. కోలారులో నేల కింద మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయారు. వేడిలో, చీకట్లో, దుమ్ములో మనుషులు రాయి పగలగొట్టారు. ఒక టన్ను రాయి పైకి తెచ్చి పొడి కొడితే దొరికే బంగారం కొద్ది గ్రాములే. ఖర్చు ఎక్కువై, రాబడి తక్కువై 2001లో ఆ గనులు మూతపడ్డాయి.

మెడలో ఒక చిన్న గొలుసు వెనక అంత శ్రమ ఉంది. కొనేవాళ్ళ శ్రమ కూడా తక్కువ కాదు. ఒక ఆడమనిషి ఎన్ని రోజులు కూలికి పోతే ఒక గ్రాము బంగారం వస్తుంది? మీ ఊరి కూలి ఎంతో, ఈ రోజు గ్రాము ధర ఎంతో కనుక్కుని భాగించి చూడండి.

బంగారం పూర్తిగా దండుగ అనడం కూడా సరి కాదు. బ్యాంకు గడప ఎక్కని రోజుల్లో ఆడవాళ్ళకు బంగారమే బ్యాంకు. బిడ్డకు జబ్బు చేసినా, బావి ఎండినా ఆదుకున్నది కమ్మలు, గాజులే. అలాంటి నాలుగు గ్రాములు దాచుకోవడం తెలివే. అప్పు తెచ్చి, వడ్డీ కట్టి, పెళ్ళిలో నలుగురి ముందు పెట్టుకుని, మరునాడే కుదువ అంగడికి పంపే బంగారం మాత్రం వేరే సంగతి.

బంగారాన్ని తమంతట తాము వదిలిన ఆడవాళ్ళ కథ ఒకటి ఉంది. అది ఈ సీమది కాదు. సముద్రం ఒడ్డున ఉన్న కాకినాడది. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడ వస్తున్నారు. అప్పుడు దుర్గాబాయి అనే బాలిక ఆ ఊళ్ళో ఉంది. దేవదాసీలూ, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలూ గాంధీజీ మాట వినాలని ఆమె కోరిక. సభ పెద్దల దగ్గరికి పోయి అడిగింది. గాంధీజీకి ఇవ్వడానికి 5,000 రూపాయలు పోగు చేస్తే ఆయన సమయం ఇప్పిస్తామన్నారు. చిన్నపిల్ల కదా, ఎక్కడ తెస్తుందిలే అనుకున్నారు. ఆ స్త్రీలే ఆ డబ్బు పోగు చేశారు. గాంధీజీ వచ్చి మాట్లాడారు. మాట విన్న స్త్రీలు గాజులు, గొలుసులు, హారాలు తీసి స్వరాజ్య నిధికి ఇచ్చారు. దుర్గాబాయి కూడా తన చేతి గాజులు తీసి ఇచ్చింది.

లోకం చిన్నచూపు చూసిన స్త్రీలు వాళ్ళు. వాళ్ళ ఒంటి మీద నగలు చాలాసార్లు ఇతరుల గొప్ప కోసం పెట్టినవి. ఆ రోజు వాటిని ఏం చేయాలో వాళ్ళే తేల్చుకున్నారు. ఆ దుర్గాబాయే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజ్యాంగ సభలో సభ్యురాలు అయ్యారు. ఆంధ్ర మహిళా సభ పెట్టారు. స్త్రీల చదువు కోసం జీవితమంతా పని చేశారు.

వదలడం వేరు, వదిలించడం వేరు

కృష్ణమూర్తి కోటను వదిలారు. కాకినాడ స్త్రీలు నగలు వదిలారు. రెండు చోట్లా వదిలినవాళ్ళు తమకై తాము ఆలోచించి వదిలారు. మరి ఇళ్ళలో ఆడవాళ్ళు రోజూ వదులుకునేవి ఎలాంటివి?

ఇంట్లో అందరూ తిన్నాక, కుండ అడుగున మిగిలిన సంగటి ముద్ద తిని పడుకునే తల్లులు ఎందరో ఉన్నారు. కూర మిగలకపోతే ఊరిబిండి నంజుకుంటారు. దాన్ని లోకం "త్యాగం" అని పొగుడుతుంది. ఆ పొగడ్తతో ఒంట్లో రక్తం పెరగదు. తిండి, మందు, నిద్ర, చదువు అవసరం లేని సామాన్లు కావు. వాటిని వదులుకోవడం నిరాడంబరత కిందికి రాదు.

ఇప్పుడు అటక మీద గంగాళం దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆడపడుచు ఇంకో మాట అడిగింది.

"వదినా, మీ నాయనకు నాలుగెకరాలు ఉండె గదా. నీకు భాగం రాలేదా?"

"అన్నదమ్ములు ఒగ కాగితం తెచ్చిరి మే. సారె పెట్టినాము గదా, ఇంగేమి అనిరి. వేలిముద్ర ఎయ్యి అనిరి. ఏసిస్తి."

"దాంట్లో ఏమి రాసినారో?"

"నాకేమి తెలుసు? అప్పుడు నాకు చదువు యాడిది?"

వదిలింది ఎంత, మిగిలింది ఎంత? నాలుగెకరాల్లో భాగం వదిలింది. ఒక గంగాళం మిగిలింది. భూమి ఏటా పంట ఇస్తుంది. గంగాళం ఏటా చాకిరీ ఇస్తుంది.

అలాంటి కాగితాన్ని హక్కు విడుదల పత్రం అంటారు. "నా వాటా నాకు వద్దు, వదులుకుంటున్నాను" అని దాని అర్థం. తెలిసి, ఆలోచించి, ఇష్టపడి అన్నదమ్ములకు ఇచ్చేవాళ్ళు ఉన్నారు. అది వాళ్ళ ఇష్టం. తెలియకుండా వేయించుకున్న వేలిముద్ర మాత్రం త్యాగం అనిపించుకోదు.

చట్టం ఏమంటుంది? నాలుగు ముక్కల్లో చూద్దాం.

1. హిందూ స్త్రీ తన సొంతంగా పొందిన ఆస్తి మీద పూర్తి హక్కు ఆమెదే అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెప్పింది.

2. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది.

3. 2005లో దేశమంతటికీ చట్టం మారింది. పెళ్ళయిందా, కాలేదా అన్న తేడా తీసేసింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా పంపకాలు అయిపోయిన ఆస్తికి మాత్రం ఇది వర్తించదు.

4. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో కూడా వారి వారి చట్టాల ప్రకారం కూతురికి వాటా ఉంది.

ఇచ్చిన సారె భూమిలో వాటాకు బదులు అని ఏ చట్టంలోనూ లేదు. కాబట్టి ఏ కాగితం వచ్చినా చదవకుండా సంతకం పెట్టవద్దు. "ఈ రాత్రికి నా దగ్గర ఉంచండి, రేపు చెబుతాను" అనండి. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని అయినా చదవండి. అర్థం కాకపోతే తెలిసినవాళ్ళతో చదివించుకోండి. రిజిస్టరు అయిన కాగితాన్ని తర్వాత తిప్పడం చాలా కష్టం. కోర్టుల దగ్గర మండల న్యాయ సేవా సంఘాలు ఉన్నాయి. ఆదాయం ఎంత ఉన్నా సరే, ఆడవాళ్ళకు అక్కడ ఉచితంగా న్యాయ సాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది.

పొలం పాసుపుస్తకం, ఇంటి పట్టా, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు, పిల్లల చదువు సర్టిఫికెట్లు, పాడి ఆవు, కుట్టు మిషను, ఆపదకు దాచిన నాలుగు గ్రాముల బంగారం. ఇవి గట్టిగా పట్టుకోవలసినవి. అటక ఖాళీ చేయమంటే వీటిని ఖాళీ చేయమని కాదు.

పలక మీద లెక్క

మరి వదలవలసినవి ఎలా తెలుస్తాయి? దీనికి ఒక పలక, ఒక బలపం చాలు. పలక మీద రెండు గీతలు గీయండి. మూడు గళ్ళు వస్తాయి.

మొదటి గడిలో "రోజూ వాడేవి" అని రాయండి. రెండో గడిలో "ఏడాదికి ఒకటి రెండు సార్లు వాడేవి" అని రాయండి. మూడో గడిలో "వాడనివి" అని రాయండి. ఇప్పుడు ఇల్లంతా తిరిగి ఒక్కొక్క వస్తువు పేరు ఏదో ఒక గడిలో రాయండి. అక్షరం తప్పు పోయినా పరవాలేదు. వస్తువు తప్పు గడిలో పడకూడదు.

మొదటి గడిలోవి ఉండనివ్వండి. వాటి జోలికి పోవద్దు.

రెండో గడిలోవి ఇంటికి ఒకటి అవసరమా అని ఆలోచించండి. పెళ్ళి, జాతర, దినాలు ఏడాదికి ఎన్నో రావు. దానికోసం ప్రతి ఇంట్లో ఒక గంగాళం, ఒక అండా ఎందుకు? పొదుపు సంఘంలో పది మంది కలిస్తే ఉమ్మడి సామాను పెట్టుకోవచ్చు. ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎవరు తీసుకుపోయారు, ఏ రోజు తీసుకుపోయారు, ఏ రోజు తెచ్చారు, ఇంత మాత్రం రాస్తే చాలు. రాసే చేతులు ఇప్పుడు మీ దగ్గర ఉన్నాయి.

మూడో గడిలోవి మోసేవాళ్ళు ఎవరో చూడండి. తోమేది, తుడిచేది, సర్దేది మీరే. ఇత్తడి, రాగి, కంచు సామాను అయితే బరువు లెక్కన ధర పలుకుతుంది. అమ్మాలనుకుంటే ముందు ఇంటి దగ్గరే తూకం వేసుకోండి. రెండు మూడు అంగళ్ళలో ధర అడగండి. పాత చీరలైతే బొంతలు కుట్టవచ్చు. పిల్లలకు చిన్నవైన బట్టలు, చదివేసిన పుస్తకాలు అవసరమైన ఇంటికి ఇవ్వవచ్చు. పాత సెల్‌ఫోన్లు, బ్యాటరీలు పొయ్యిలో వేయవద్దు. వాటి పొగ విషం.

అమ్మగా వచ్చిన డబ్బు ఏం చేయాలి? మళ్ళీ ఇంకో సామాను కొంటే చేసినదంతా వృథా. ముందు అప్పు చూడండి. 30,000 రూపాయల అప్పు ఉంది అనుకోండి. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ. నెలకు 900 అవుతుంది. ఏడాదికి 10,800. మూడేళ్ళకు 32,400. అంటే మూడేళ్ళు వడ్డీ కట్టినా, కట్టింది అసలును మించిపోయినా, అసలు అలాగే ఉంటుంది. ఎక్కువ వడ్డీ ఉన్న అప్పు ముందు తీర్చండి. ఒక అప్పు తీరిన ఇంట్లో పట్టే నిద్ర ఎలా ఉంటుందో, పట్టినవాళ్ళకే తెలుసు.

కొత్త సామాను కొనాలనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరి కోసం? దీనికి డబ్బు ఎక్కడిది? ఇది లేకపోతే ఏ పని ఆగుతుంది? మూడింటికీ సరైన జవాబు దొరికితే కొనండి. దొరకకపోతే ఒక నెల ఆగండి. చాలా కోరికలు నెల తిరిగేలోపు వాటంతట అవే పోతాయి.

ఇంట్లో మగవాళ్ళతో కూడా ఈ లెక్క వేయించండి. బీడీ, సారా, చీట్లపేక కూడా పలక మీదికి రావాలి. ఖర్చు తగ్గించే పని ఆడవాళ్ళది, ఖర్చు పెట్టే పని మగవాళ్ళది అయితే ఆ ఇల్లు తేలిక పడదు.

ముగింపు

ఆ వదిన ఏం చేసి ఉంటుంది? అటక మీది గంగాళం దించి సంఘానికి ఇచ్చింది అనుకుందాం. ఇప్పుడు దాంట్లో ఒక ఇంటి పెళ్ళికి నీళ్ళు కాగుతాయి. ఇంకో ఇంటి జాతరకు అన్నం ఉడుకుతుంది. ఇన్నేళ్ళకు గంగాళానికి పని దొరికింది. తోమే చేతులు కూడా పది అయ్యాయి. నలుగురూ ఏమనుకున్నారు? "మాకు ఎప్పుడు ఇస్తారు?" అని అడిగారు.

ఆమె బిడ్డకు పెళ్ళి ఈడు వచ్చింది. బిడ్డకు గంగాళం పెట్టాలా అని ఇంట్లో మాట వచ్చింది. "గంగాళం వద్దు. దాని భాగం భూమి దాని పేరున రాయండి" అని ఆ తల్లి అంది. ఆ మాట అనడానికి ఆమెకు చాలా ధైర్యం కావలసి వచ్చింది. ఆ ధైర్యం కాగితం చదవడం వచ్చాక వచ్చింది.

బరువైనవి వదలండి. బలమైనవి పట్టుకోండి. ఏది బరువో, ఏది బలమో మీరే తేల్చుకోండి.

సెలవు.

చదివి చర్చించండి

1. మీ ఇంట్లో నలుగురి కళ్ళ కోసం ఉన్న వస్తువులు ఏవి?

2. కృష్ణమూర్తి కోట వదలడానికీ, వదిన భూమి వదలడానికీ తేడా ఏమిటి?

3. మీ సంఘంలో ఏ ఏ సామాన్లు ఉమ్మడిగా పెట్టుకోవచ్చు? పట్టీ రాయండి.

4. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీతో 10,000 అప్పు తెస్తే, ఏడాదికి వడ్డీ ఎంత? పలక మీద లెక్క కట్టండి.

5. హక్కు విడుదల పత్రం అంటే ఏమిటి? మీ ఊళ్ళో ఇలాంటి కాగితం మీద వేలిముద్ర వేసినవాళ్ళు ఉన్నారా? వాళ్ళను కూర్చోబెట్టి ఈ పాఠం చదివి వినిపించండి.